ముందు అది ఎక్కడ ఆగుతోందో చూడవే బుజ్జీ

కాకినాడ

బుజ్జీ,

నీ మెసేజ్ చూశాను. రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను. ఫోన్లో చెబితే ఊఁ కొడతావు గానీ రాసుకోవు. కాగితమైతే ల్యాప్‌టాప్ పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే చూసుకోవచ్చు. ఇక్కడ అందరం బాగున్నాం. మీ మావయ్యకి మోకాలి నొప్పి కాస్త తగ్గింది, పొద్దున్నే మళ్ళీ నడుస్తున్నారు. కాలేజీలో ప్రాక్టికల్స్ అయిపోయాయి. ల్యాబ్‌కి తాళం వేసి ఇంటికొచ్చేసరికి ఈమధ్య ఇంకా వెలుతురు ఉంటోంది.

మీ అమ్మ, అదే మా వదిన, అంతా చెప్పింది. ల్యాప్‌టాప్ ఆన్ చేసి స్నానానికి వెళ్తున్నావట, తిరిగొచ్చేసరికి కూడా తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉంటున్నాయట. మాక్ టెస్ట్ మధ్యలో హ్యాంగ్ అయిపోతే ఏడ్చావట. నా ప్రాణం ఉసూరుమంది. పగలు డీఎస్సీ చదువు, సాయంత్రం పిల్లలకి ట్యూషన్లు, రాత్రి ఈ యంత్రంతో కుస్తీ. ఎలా పడుతున్నావే? కానీ ఆ తర్వాత వదిన ఇంకో మాట అంది, దానికి మాత్రం కోపం వచ్చింది. అన్నయ్య ఈఎంఐ మీద కొత్త ల్యాప్‌టాప్ తీసుకుందామంటే నువ్వు సరేనన్నావట. ఒక్కసారి నన్ను అడగాలని తోచలేదా? సరేలే, అడిగావుగా ఇప్పుడు. ఇంకా కొనలేదుగా, చాలు.

ఆ ల్యాప్‌టాప్ నాకు తెలియనిదేం కాదు. 2018లో నువ్వు డిగ్రీలో చేరినప్పుడు అన్నయ్య కొన్నాడు. డబ్బా మీద రాసినవి నేనే చదివి వినిపించాను: ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. ఆ ఒక టెరాబైట్ అన్నమాటకి అందరం మురిసిపోయాం. ఆ రోజుల్లో ఆ ధరలో దొరికే ల్యాప్‌టాప్‌లు చాలావరకు ఇంతే. ప్రాసెసర్‌కి వంక పెట్టక్కర్లేదు. నువ్వు చేసే పనులు, అంటే వీడియో పాఠాలు, పీడీఎఫ్‌లు, మాక్ టెస్టులు, పిల్లలకి ప్రశ్నపత్రాలు టైప్ చేయడం, వీటికి అది ఇప్పటికీ సరిపోతుంది. అయినా ఇంత నత్తనడక ఎందుకంటే ప్రాసెసర్ పని చేయలేక కాదే, దానికి అందాల్సింది అందక కూర్చుంటోంది. ఎక్కడ అందడం లేదో నువ్వు నీ కళ్ళతో చూడాలి. చూడకుండా ఏదీ కొనకు, ఏదీ డిలీట్ చేయకు.

చూడడం ఎలాగంటే, మామూలుగా నీకు స్లో అయ్యే సమయంలోనే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కు. టాస్క్ మేనేజర్ వస్తుంది. చిన్న పెట్టెగా వస్తే కింద మోర్ డీటెయిల్స్ నొక్కు. పైన వరసగా సీపీయూ, మెమరీ, డిస్క్ అని ఉండి వాటి మీద శాతాలు మారుతుంటాయి. ఏమీ ముట్టుకోకుండా కాసేపు చూస్తూ కూర్చో. నా అంచనా చెప్తాను. సీపీయూ ముప్పయ్యో నలభయ్యో చూపిస్తుంది. మెమరీ 85 దాటి ఉంటుంది. డిస్క్ మాత్రం 100 దగ్గర ఎర్రగా అతుక్కుపోయి ఉంటుంది. ఇదే కనిపిస్తే మనకు దొంగ దొరికినట్టే.

ఎందుకలా అవుతుందో చెప్తాను, ఇది తెలిస్తే ఇక నిన్ను ఎవరూ మోసం చేయలేరు. నీ హార్డ్ డిస్క్‌లో ఒక పళ్ళెం నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంటుంది. అంటే సెకనుకి 90 చుట్లు. దాని మీద రాసినవి చదివే హెడ్ కావలసిన చోటికి జరగాలి, ఆ చోటు దాని కిందికి వచ్చేదాకా ఆగాలి. ఒక్క సినిమా ఫైలు కాపీ చేస్తే బాగానే పరిగెడుతుంది, అంతా ఒకే వరసలో ఉంటుంది గనక. విండోస్ లేచేటప్పుడు అలా కాదు. వేల చిన్నచిన్న ఫైళ్ళు ఒకదానికొకటి దూరంగా పడి ఉంటాయి. ఒక్కో ముక్కకీ హెడ్ జరగాలి, ఆగాలి, చదవాలి. సెకనుకి వంద ముక్కలు కూడా తేలేదు. తహసీల్దారు ఆఫీసులో రికార్డు గదికి ఒకే అటెండరు ఉండి, పది సెక్షన్లవాళ్ళు ఒకేసారి చీటీలు పంపితే ఎలా ఉంటుందో అలా. అప్‌డేట్ ఒక చీటీ పంపుతుంది, యాంటీవైరస్ ఒకటి, సెర్చ్ ఇండెక్స్ ఒకటి, నువ్వు నొక్కిన క్రోమ్ ఒకటి. నీ చీటీ వెనకబడుతుంది. పళ్ళెమూ హెడ్డూ లేని ఎస్‌ఎస్‌డీ అదే సెకనులో వేల ముక్కలు తెస్తుంది. తేడా అక్కడుంది.

దీని మీద 4 జీబీ ర్యామ్ ఇంకో భారం. విండోస్ 10 తన కోసమే దాదాపు సగం తీసేసుకుంటుంది. మిగిలినదాంట్లో నువ్వు క్రోమ్ తెరిచి పాతిక ట్యాబులు పెడతావు (పెడతావు, నాకు తెలుసు, సంక్రాంతికి వచ్చినప్పుడు చూశాను). ర్యామ్ చాలకపోతే విండోస్ కొంత సరుకు తీసి డిస్క్‌లో పేజ్ ఫైల్ అనే చోట పెడుతుంది, అవసరమైతే మళ్ళీ తెచ్చుకుంటుంది. అంటే ర్యామ్ కరువు కూడా చివరికి ఆ పళ్ళెం నెత్తినే పడుతుంది. అందుకే రెండు అంకెలూ ఒకేసారి చూడమన్నాను.

ఇక్కడ నేను చేసిన పని ఒకటి నీకు చెప్పాలి. కొన్నేళ్ళ కిందట మా ల్యాబ్‌లో సిస్టమ్స్ ఇలాగే మొరాయించాయి. నేను టాస్క్ మేనేజర్ తెరిచి చూడనైనా చూడలేదు. పాతబడ్డాయి, కొత్తవి కావాలని ప్రిన్సిపాల్ గారికి రాసిచ్చేశాను. కాలేజీ ఎంతో కష్టం మీద కొన్ని కొనిచ్చింది. ఆ కొత్తవాటిలోనూ తిరిగే హార్డ్ డిస్కే ఉందని నేను గమనించలేదు. ఫైనలియర్ కుర్రాడొకడు మూలన పడేసిన పాత సిస్టమ్ ఒకటి అడిగి తీసుకుని, తన డబ్బుతో ఎస్‌ఎస్‌డీ ఒకటి తెచ్చి పెట్టాడు. రెండూ పక్కపక్కన ఆన్ చేశాడు. పాతది లేచి, వర్డ్ కూడా తెరుచుకున్నాక గానీ కొత్తది లాగిన్ దాకా రాలేదు. నేను రాసిచ్చిన ఆ కాగితం వల్ల పిల్లల ఫీజుల డబ్బు అక్కరలేని చోట ఖర్చయింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది. అన్నయ్య డబ్బు కూడా అలా పోకూడదు.

సరే, డబ్బు ఖర్చు లేని పనులు ముందు. ఇవాళ రాత్రే చేయొచ్చు.

రోజూ షట్ డౌన్ చేస్తున్నానంటావు. మంచిదే, కానీ విండోస్ 10లో ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి ఉంటుంది. షట్ డౌన్ కొట్టినా లోపలి భాగాన్ని పూర్తిగా వదిలేయదు, డిస్క్ మీద దాచుకుని మర్నాడు అదే ఎక్కిస్తుంది. రీస్టార్ట్ కొడితేనే అంతా మొదటి నుంచి మొదలవుతుంది. వింతగా ప్రవర్తిస్తుంటే ముందు రీస్టార్ట్ చెయ్యి.

తర్వాత అదే టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ అని ఉంటుంది. ఆన్ చేయగానే నువ్వు పిలవకుండానే లేచి కూర్చునేవాళ్ళ జాబితా అది. ఏది ఎంత భారమో పక్కనే హై, మీడియం, లో అని రాసి ఉంటుంది. ఆన్‌లైన్ క్లాసుల రోజుల్లో వేసుకున్న మీటింగ్ యాప్‌లు, నువ్వు ఎప్పుడో ఇచ్చేసిన ప్రింటర్ తాలూకు సాఫ్ట్‌వేర్, తమ్ముడు ఆడే గేముల లాంచర్లు, అన్నీ అక్కడ ఉంటాయి. ఒక్కొక్కదాని మీద కుడి క్లిక్ చేసి డిసేబుల్ చెయ్యి. అది అన్‌ఇన్‌స్టాల్ కాదు, భయపడకు, కావాలంటే ఎప్పుడైనా తెరుచుకోవచ్చు. విండోస్ సెక్యూరిటీ, ఆడియో, టచ్‌ప్యాడ్ పేర్లున్నవి మాత్రం ముట్టుకోకు.

కొన్నప్పుడు వచ్చిన ట్రయల్ యాంటీవైరస్ ఇంకా ఉందా? గడువు తీరి ఏళ్ళయినా పోదు అది, రోజూ డబ్బు కట్టమని మొహం మీదికొస్తుంది. తీసెయ్యి. విండోస్‌తో వచ్చే డిఫెండర్ దానంతటదే పనిలోకి దిగుతుంది, నీకు అది చాలు.

సీ డ్రైవ్ ఎర్రగా ఉందని ఫోటో పెట్టావు. అమ్మేవాళ్ళు 1 టీబీని ముక్కలు చేసి సీకి కాస్త, డీకి, ఈకి బోలెడు ఇచ్చారు. నువ్వేమో అన్నీ డెస్క్‌టాప్ మీద పెడతావు. డెస్క్‌టాప్ మీద కనిపించేదంతా సీ డ్రైవ్‌లోనే ఉంటుందే తల్లీ. డౌన్‌లోడ్స్ కూడా అంతే. పాఠాల వీడియోలన్నీ డీకి మార్చు. రీసైకిల్ బిన్ ఖాళీ చెయ్యి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్‌కి వెళ్తే ఏది ఎంత తింటోందో అదే చూపిస్తుంది, తాత్కాలిక ఫైళ్ళు అక్కడినుంచే తీసెయ్యొచ్చు. ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ పక్కన టిక్ ఉంటే మాత్రం చూసి తీసెయ్యి, లేకపోతే నీ హాల్ టికెట్లూ సర్టిఫికెట్లూ కూడా పోతాయి.

క్రోమ్‌లో సెట్టింగ్స్, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ సేవర్ ఆన్ చెయ్యి. వాడని ట్యాబుల్ని అది నిద్రపుచ్చుతుంది. ఎక్స్‌టెన్షన్లు నీకు గుర్తులేనివన్నీ తీసెయ్యి.

ఇక వదిలెయ్యాల్సిన అలవాట్లు. అలా మొహం పెట్టకు, ఇవి మా ల్యాబ్‌లో పిల్లలందరికీ ఉన్నాయి. డెస్క్‌టాప్ మీద కుడి క్లిక్ కొట్టి రిఫ్రెష్, రిఫ్రెష్ అని నొక్కడం ఒకటి. దానివల్ల తెర మీద ఐకాన్లు మళ్ళీ గీస్తుంది, అంతే. వేగం రవ్వంత కూడా పెరగదు. రన్‌లోకి వెళ్ళి టెంప్, పర్సెంట్ టెంప్, ప్రీఫెచ్ అని కొట్టి అన్నీ డిలీట్ చేయడం ఇంకోటి. మొదటి రెండింటివల్ల కాస్త జాగా దొరుకుతుంది. ప్రీఫెచ్ మాత్రం నువ్వు రోజూ తెరిచేవి త్వరగా తెరుచుకోవాలని విండోస్ రాసుకునే లెక్క. అది చెరిపేస్తే మళ్ళీ రాసుకునేదాకా ఇంకా ఆలస్యం. రిజిస్ట్రీ క్లీనర్లు, డ్రైవర్ అప్‌డేటర్లు, పీసీ బూస్టర్లు ఒక్కటీ వద్దు. రిజిస్ట్రీ క్లీనర్లు వాడొద్దని మైక్రోసాఫ్టే చెప్తోంది.

క్రాక్ ఆఫీస్ సంగతి అడగకుండా ఉండలేను. ఎవరో ఫ్రెండ్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చి వేశాడన్నావు. యాక్టివేట్ చేయడానికి యాంటీవైరస్ ఆపమన్నాడా లేదా? ఆపమనే ఉంటాడు. ఆ తలుపు తెరిచాక ఏమేం లోపలికొచ్చాయో ఎవరికి తెలుసు? నువ్వు ఏమీ చేయకపోయినా సీపీయూ నూటికి నూరు కొడుతూ ఫ్యాన్ మోగుతుంటే నీ కరెంటుతో ఎవరో క్రిప్టో నాణేలు తవ్వుకుంటున్నారేమో అని అనుమానించాలి. లిబ్రేఆఫీస్ ఉచితం, తెలుగు యూనికోడ్ చక్కగా చూపిస్తుంది, ప్రశ్నపత్రాలకి అది చాలు. తిట్టానని అనుకోకు. డబ్బుల్లేక చేశావని తెలుసు, నాకు చెప్తే ఉచితమైనది ఉందని అప్పుడే చెప్పేదాన్ని.

ఇంకోటి, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను. మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, ఈ నంబర్‌కి ఫోన్ చేయండి అని తెరంతా ఎర్రగా వస్తే ఫోన్ చేయకు. బ్రౌజర్ మూసెయ్యి, మూసుకోకపోతే రీస్టార్ట్ కొట్టు. నీ తెర వాళ్ళకి కనిపించే యాప్ ఏదైనా వేయమంటే అసలే వేయకు. ఆ ల్యాప్‌టాప్‌లో అన్నయ్య బ్యాంకు పనులు కూడా చేస్తాడు. ఒకవేళ డబ్బు పోయిందంటే సిగ్గుపడి దాచకుండా ఆ నిమిషమే 1930కి ఫోన్ చెయ్యాలి. ఆలస్యమైనకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

ఇవన్నీ చేస్తే కాస్త ఊపిరి పోసుకుంటుంది గానీ, ఆ పళ్ళెం అలాగే ఉంటుంది. అసలు మందు ఎస్‌ఎస్‌డీ. నీ హార్డ్ డిస్క్ ఉన్న చోటే రెండున్నర అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ సరిగ్గా కూర్చుంటుంది. 1 టీబీ కావాలనే మోజు వదిలెయ్యి. నువ్వు వాడుతున్నది ఎంతో చూసుకుంటే 256 జీబీయే నీకు మిగిలిపోతుంది. పాత హార్డ్ డిస్క్‌ని పారేయకుండా యూఎస్‌బీ కేస్‌లో పెట్టించు, వీడియోలు, ఫోటోలు దాచుకోవడానికి పనికొస్తుంది. ర్యామ్ సంగతి తర్వాత. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, మెమరీ నొక్కితే స్లాట్స్ యూజ్డ్ అని ఉంటుంది. రెండింటిలో ఒకటి అని ఉంటే ఇంకో 4 జీబీ వేయించుకోవచ్చు. 2025 చివరినుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, అందుకే ఎస్‌ఎస్‌డీ వేశాక కొన్నాళ్ళు వాడి, ఇంకా చాలదనిపిస్తేనే కొను. ఆన్‌లైన్‌లో నమ్మలేనంత చవగ్గా 2 టీబీ అని కనిపించేవాటి జోలికి పోకు, అవి అబద్ధపు సైజు చూపించి నీ ఫైళ్ళు మింగేస్తాయి. పేరున్న కంపెనీది, బిల్లుతో, వారంటీతో తీసుకో.

డిస్క్ మార్చకముందే నీవన్నీ వేరేచోటికి కాపీ చెయ్యి. ఇప్పుడున్నది టిక్కుటిక్కుమని చప్పుడు చేస్తోందా? ఫైల్ కాపీ చేస్తుంటే మధ్యలో నిలిచిపోతోందా? అలాగైతే అది స్లో అవడం కాదు, ప్రాణం పోతోంది. డీఫ్రాగ్ లాంటివేమీ నడపకు, ఉన్న ఓపికంతా కాపీకే వాడు. తాతయ్య ఫోటోలు అందులోనే ఉన్నాయని నాకు గుర్తుంది.

షాపులో ఇచ్చేసి సాయంత్రం వస్తానని వెళ్ళిపోకు బుజ్జీ. అందరూ చెడ్డవాళ్ళని కాదు, మా దగ్గర బంగారంలాంటి మెకానిక్కులున్నారు. కానీ ఆ డిస్క్‌లో నీ ఫోటోలున్నాయి, అందరి ఆధార్ కాపీలున్నాయి, బ్రౌజర్‌లో పాస్‌వర్డులున్నాయి. అన్నయ్యని తీసుకుని వెళ్ళు, ఎదురుగా కూర్చుని చేయించుకో, పాత డిస్క్ చేతిలో పెట్టించుకునే బయటికి రా. మొహమాటపడకు. మూత తీసినప్పుడే దుమ్ము దులిపించి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్ట్ మార్పించు. తెనాలి ఎండలకి తోడు నువ్వు దాన్ని పరుపు మీద పెట్టి వాడతావు, కింద గాలి ఆడే రంధ్రాలు మూసుకుపోతాయి. వేడెక్కితే ప్రాసెసర్ తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మధ్యాహ్నాలు ఎక్కువ మొరాయిస్తోందన్నావు చూడు, అందులో దీని వాటా కూడా ఉంటుంది. రాతపలక ఒకటి అడుగున పెట్టుకున్నా చాలు.

చివరగా విండోస్ సంగతి. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. నీ ఐ3 నంబరు 7తో మొదలవుతుంది, అంటే 7వ తరం. విండోస్ 11 ఇంటెల్‌లో 8వ తరం నుంచి గానీ ఒప్పుకోదు. అడ్డదారిలో ఎక్కిస్తామంటారు షాపువాళ్ళు, వద్దను. ఇంటి కంప్యూటర్లకి భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 దాకా తీసుకునే వీలుంది. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీలోనే చేరే లింకు కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేసుకుంటే డబ్బు కట్టక్కర్లేదు. ముందు అందులో చేరు. ఆ తర్వాత విండోస్ బదులు లినక్స్ మింట్ పెట్టుకుందాం. దానిలో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకం నీ 4 జీబీలో కూడా హాయిగా నడుస్తుంది. ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ మీంచే నడిపి చూసుకోవచ్చు, నచ్చకపోతే తీసేస్తే నీ విండోస్ అలాగే ఉంటుంది. వేసవి సెలవుల్లో నేనొస్తాగా, దగ్గర కూర్చుని చూపిస్తాను. డీఎస్సీ అయ్యేదాకా మాత్రం మార్పులొద్దు. పరీక్ష ముందు కొత్త అలవాట్లు నేర్చుకునే తీరిక నీకెక్కడిది?

ఇవన్నీ చేసినా కొత్తది కావాల్సి వస్తే అప్పుడు కొనుక్కుందాం, నేనూ కొంత వేస్తాను. నీ చదువు దగ్గర ఎవరమూ లెక్కలు చూడం. అప్పు చేసి కొనొద్దన్నదే నా మాట.

ఆదివారం పొద్దున్న ట్యూషన్ పిల్లలు రాకముందు టాస్క్ మేనేజర్ తెరిచి మూడు ఫోటోలు తీసి పంపు: స్లో అయినప్పటి శాతాలు, మెమరీ పేజీ, డిస్క్ పేజీ. అవి చూసి ఏ ఎస్‌ఎస్‌డీ అడగాలో అన్నయ్యకి నేనే ఫోన్ చేసి చెప్తాను. ఈ ఉత్తరంతోపాటు కాజాలు పంపుతున్నాను, వదినకి షుగరు, ఆవిడ చేతికి అందకుండా పెట్టు. వేళకి తిను, రాత్రి ఒంటిగంట దాకా కూర్చోకు.

ప్రేమతో,
అత్త